పెద్ద చార్జరే పెట్టించండి

మా అత్తవారి వైపు నాకో ముద్దుపేరుంది. పెద్ద చార్జరు. ఏ పెళ్లిలో కలిసినా, ఏ బారసాలకి వెళ్లినా, ఎవరో ఒకరు "ఇదుగో, మన పెద్ద చార్జరు వచ్చింది" అంటారు. తెలియనివాళ్లు ఎందుకా పేరని అడుగుతారు, తెలిసినవాళ్లు చెబుతారు, అందరూ కలిసి నవ్వుతారు. నేనూ నవ్వాలి. నవ్వకపోతే కోపిష్ఠిదంటారు. నేను కోపిష్ఠిదాన్నే, ఆ మాట వేరే. వాళ్లు చెప్పుకునే కథలో నేను అత్తారింటికి పోవడానికి ఉబలాటపడి, సిగ్గు విడిచి నోరు తెరిచిన పెళ్లికూతుర్ని. అసలు సంగతి వాళ్లకి తెలియదు. తెలిస్తే ఇంకా సిగ్గు కాబట్టి నేనూ చెప్పలేదు.

డెబ్బయ్యో దశకం సగం దాటిన రోజులు. మా ఊరు కొల్లేటికి దగ్గర, కాలువ గట్టు కింద. మా నాన్న చేపల వ్యాపారి. గంపల్లో చేపలకి ఐసు దట్టించి లారీ మీద బెజవాడ పంపేవాడు. నన్నిచ్చినవాళ్లూ మా వాళ్లే, కాకపోతే వల వదిలేసి ఎప్పుడో బెజవాడ చేరి, భవానీపురంలో ఇల్లు కట్టుకున్నవాళ్లు. పెళ్లికొడుకు ఆటోనగర్‌లో స్పేరుపార్టుల దుకాణంలో పని. ఆయన బాబాయికి కారుంది. ఆ కారులోనే పెళ్లికొడుకు వచ్చాడు, ఆ కారులోనే నన్ను తీసుకెళ్లాలి. ఆ సంగతి మా అత్తగారు భవానీపురంలో తన వీధివాళ్లందరికీ ముందే చెప్పుకున్నారు.

పెళ్లి రాత్రి ఊరేగింపులో ఆ కారుని మావాళ్లు వాడుకున్నంతగా దాన్ని కొన్న మనిషి కూడా వాడి ఉండడు. రంగు బల్బులు కట్టారు. మైకు సెట్టు తీగలు తెచ్చి కారు బ్యాటరీకే తగిలించారు. ప్రతి గుమ్మం ముందూ ఆగాలి, హారతి తీసుకోవాలి. ఆగినప్పుడల్లా పెట్రోలు దండగని ఇంజను ఆపేవారు. లైట్లు మాత్రం వెలగాల్సిందే, పాటలు మోగాల్సిందే. బ్యాటరీ అన్నది చెరువులాగా ఎంత తోడినా ఊరుతుందనుకున్నారు మావాళ్లు. నేను పట్టుచీరలో చెమటలు కక్కుకుంటూ కూర్చున్నాను, నాకేం తెలుసు.

తెల్లవారాక అప్పగింతలు. పాలల్లో చేతులు ముంచి అత్తమామల చేతుల్లో పెట్టారు. అమ్మ ఏడ్చింది, చెల్లెలు ఏడ్చింది, మా ఇంట్లో గంపలు మోసే ఆడవాళ్లు కూడా ఏడ్చారు. నాన్న మాత్రం కండువా నోటికి అడ్డం పెట్టుకుని కొబ్బరి గెలల దగ్గర అటు తిరిగి నిలబడ్డాడు. ఏడ్చి ఏడ్చి నా గొంతు ఆరిపోయిందని ఒక పిన్ని మజ్జిగ తాగించింది. ఇంకొకావిడ నిమ్మకాయ నీళ్లు తాగించింది. ఎవరో కొబ్బరిబోండాం కొట్టి తెచ్చారు. వద్దంటే బాధపడతారని అన్నీ తాగాను. ఆ తర్వాత ఒడి నింపారు. చీర కొంగులో బియ్యం, ఎండుకొబ్బరి చిప్పలు, పసుపు కొమ్ములు, అరటిపళ్లు పోసి నడుముకి బిగించి కట్టారు. ఆ ఒడి అత్తారింట్లో దేవుడి గదిలోనే విప్పాలి, మధ్యలో కింద పెట్టకూడదు. ఒడి నింపుకుని కారెక్కిన పిల్ల మళ్లీ పుట్టింటి గడప తొక్కేది పదహార్రోజుల పండక్కే. ఇవన్నీ నాకు చెప్పాల్సిన పనిలేదు, చిన్నప్పట్నించీ ఎన్ని పెళ్లిళ్లు చూడలేదు.

అత్తమామలూ మిగతా పెళ్లివారూ ముందుగా వ్యానులో వెళ్లిపోయారు, మేము ఇంటికి చేరేసరికి హారతి పళ్లెంతో గుమ్మంలో ఉండాలని. కారులో ముందు సీట్లో ఆయన బాబాయి, వెనక నేనూ ఆయనా, నా పక్కన నాకు తోడొచ్చే మా పెద్దమ్మ. పెద్దమ్మకి చెవులు వినపడవు. కారు ముందు కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అందరూ మళ్లీ ఒక్కసారి బావురుమన్నారు. బాబాయిగారు తాళం తిప్పారు.

టిక్కుమంది. అంతే.

మళ్లీ తిప్పారు. ఈసారి ఆ టిక్కు కూడా లేదు. బయట ఏడుపు ఒక్కొక్కరిదే ఆగింది. ముక్కులు చీదుకుని కారు వైపు వంగి చూడటం మొదలుపెట్టారు. వీడ్కోలు చెప్పేశాక ఇంకా అక్కడే ఉన్న మనిషితో ఏం మాట్లాడాలో ఎవరికీ తెలియదు. నా స్నేహితురాలు ఇందాకే నన్ను వాటేసుకుని గుండెలు పగిలేలా ఏడ్చింది. ఇప్పుడు కిటికీ ఎదురుగా నిలబడి నన్ను చూసి మొహమాటంగా నవ్వింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నెట్టి స్టార్టు చేద్దామన్నారు. మా ఇళ్లు పల్లంలో ఉంటాయి, వీధి నుంచి గట్టు మీదికి ఎత్తుగా బాట. కారు మొహం గట్టు వైపుంది. ఊళ్లో మగాళ్లంతా చేతులేసి ఎత్తు మీదికి నెట్టారు. రేగడి మన్నులో కాళ్లు జారాయి. నెమ్మదిగా నెడితే ఊపు చాలదు. ఊపుగా నెడితే గట్టు దాటి కాలువలో దిగుతుంది. వెనక్కి నెడితే పల్లమే, దొర్లుకుంటూ పోతుంది, చిటికెలో ఇంజను అందుకుంటుంది. ఆ మాట అన్న కుర్రాడి మీద మా నాయనమ్మ విరుచుకుపడింది. "పెళ్లికూతురు ఎక్కిన బండిని వెనక్కి నడుపుతార్రా? మీ ఇళ్లల్లో ఆడపిల్లల్లేరా?" అంది. దాంతో ఆ దారి మూసుకుపోయింది. ముందుకి కదలదు, వెనక్కి కదలకూడదు. నేను దిగకూడదు, దిగినా ఇంట్లోకి పోకూడదు. మా ఇంటి గుమ్మానికి కూతవేటు దూరం కూడా లేదు, అరుగు మీద నా రోజువారీ చెప్పులు కనబడుతున్నాయి. ఆ చెప్పులేసుకుని పెరట్లోకి వెళ్లగలిగితే చాలుననిపించింది.

ఎందుకంటే మజ్జిగా, నిమ్మకాయ నీళ్లూ, కొబ్బరి నీళ్లూ తమ పని మొదలుపెట్టాయి. దాని మీద ఒడిలో బియ్యం బరువు. మా ఇంట్లో ఆ అవసరానికి పెరట్లో తాటాకు దడి ఉంది. అక్కడికి పోవాలంటే గడప దాటి ఇంట్లోంచి పోవాల్సిందే. ఎవరితో చెప్పను? పెద్దమ్మ చెవిలో చెప్పడమంటే ఊళ్లో చాటింపు వేయించినట్టే. అమ్మని సైగ చేసి పిలుద్దామంటే అమ్మని పట్టుకుని నలుగురు ఓదారుస్తున్నారు. పక్కన కూర్చున్నాయన మెళ్లో మూడుముళ్లు వేశాడే కానీ అప్పటికి మేం ఒక్క మాట మాట్లాడుకోలేదు. అలాంటి మనిషితో మొదటిమాటగా ఇదా చెప్పేది? ఒళ్లు బిగబట్టుకుని, కాలి బొటనవేళ్లు కారులో కింద పరిచిన చాపలోకి నొక్కిపెట్టి కూర్చున్నాను.

బయట పంచాయితీ మొదలైంది. బానెట్ ఎత్తి బ్యాటరీ విప్పారు. ఇక దాన్ని ఎక్కడ చార్జింగు పెట్టాలన్నది తేలాలి. ఊళ్లో రెండు చార్జర్లు. మైకు సెట్టు ఆయన దగ్గర ఒక చిన్నది, టిఫిను డబ్బా అంత. తన మైకు బ్యాటరీలు దాని మీదే నింపుకుంటాడు. రెండోది ఐసు ఫ్యాక్టరీలో ఉంది, బీరువాలో సగం ఉంటుంది. కరెంటు పోతే నడిపే జనరేటరు బ్యాటరీ కోసమూ, లారీ బ్యాటరీల కోసమూ తెప్పించారు. కరెంటు ఎంత ఎక్కించాలో చెప్పే మీట ఒకటి దాని ముందు ఉంటుంది.

"నాదాని మీద పెడితే చల్లగా ఎక్కుద్దండి. పొద్దుగూకేసరికి బండి లేస్తది. బ్యాటరీకి ఏ ఢోకా ఉండదు" అన్నాడు మైకు సెట్టు ఆయన.

"పొద్దుగూకేదాకా పెళ్లికూతుర్ని ఎండలో ఉంచుతారా? మా ఫ్యాక్టరీకి తెండి, మీట చివరికి తిప్పి పెడితే గంటన్నరలో మీ చేతికిస్తా" అన్నాడు ఐసు ఫ్యాక్టరీ మేనేజరు.

బాబాయిగారికి ఆ మాట నచ్చలేదు. బ్యాటరీ కొత్తది. "అంత ఆంపియర్లు ఒక్కసారి తోస్తే ఉడికిపోద్దండీ. లోపల ప్లేట్లు వంగిపోతాయి. తర్వాత మూన్నాళ్లకే చస్తది" అన్నారు.

అప్పుడు మా నాన్న ముందుకొచ్చాడు. "బావగారు చెప్పిందే రైటు. చిన్నదాని మీదే పెడదామండీ. సాయంత్రం కూడా మంచి ఘడియలున్నాయి. కారు మీద పందిరాకు కప్పుతాం, ఎండ పడదు. భోజనాలు ఇక్కడికే పంపిస్తాం" అన్నాడు. నాన్న గొంతులో ఏదో హుషారు వినిపించింది. మా నాన్నకి ఒకరి బ్యాటరీ మీద ఇంత శ్రద్ధేమిటో నాకు అర్థం కాలేదు. కోపం ముంచుకొచ్చింది. భోజనాలంట, మళ్లీ మజ్జిగ పోస్తారు కాబోలు.

చివరికి అందరూ పెళ్లికొడుకుని అడిగారు. ఆటోనగర్‌లో పనిచేసేవాడు కదా, ఆయన మాటంటే మాటే. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి పద్ధతి ప్రకారమే చెప్పారు. బ్యాటరీ కెపాసిటీలో పదోవంతుకి మించకుండా, నిదానంగా ఎక్కించడమే మంచిదనీ, మరీ అవసరమైతే తప్ప స్పీడు చార్జింగు పెట్టకూడదనీ. సాయంత్రం దాకా అని తేలిపోయింది. మైకు సెట్టు ఆయన బ్యాటరీ మీద చెయ్యి వేశాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి అప్పగింతల నీళ్లు మాత్రం కావు.

అప్పుడు ఆయన నా వైపు తిరిగి, నా మొహం చూసి, గొంతు తగ్గించి అడిగారు. "సాయంత్రం దాకా కూర్చోగలవా? ఇబ్బందేం లేదుగా?"

ఆ అడగడం ఎంత మెత్తగా అడిగారో, నాకు దుఃఖం ఆగలేదు. తల దించుకునే, "పెద్ద చార్జరే పెట్టించండి" అన్నాను. మేమిద్దరం కాపురంలో మాట్లాడుకున్న మొదటి మాట అది.

ఆ మాట తనలో దాచుకుని తన మాటగా చెప్పుంటే ఏమైపోయేది? కొత్త పెళ్లికొడుకు, ఆ తెలివి ఎక్కడేడ్చింది. మళ్లీ తల బయటపెట్టి, "బాబాయ్, తను పెద్ద చార్జరే పెట్టించమంటోంది" అని అందరికీ వినపడేలా చెప్పారు.

నవ్వులు లేచాయి. "ఓలమ్మో, పిల్లకి ఎంత తొందరో!" అంది వరసకి వదినయ్యే ఒకావిడ. "ఇందాక ఏడ్చిందంతా ఉత్తుత్తి ఏడుపేనా ఏంటే?" అంది ఇంకొకావిడ. బాబాయిగారు కూడా కారు మీద చెయ్యి కొట్టి నవ్వారు. భూమి చీలి కారుతో సహా లోపలికి పోతే బాగుండుననిపించింది. తల ఎత్తకుండానే చూశాను. అందరి కాళ్లూ అటూ ఇటూ కదులుతున్నాయి, నాన్న కాళ్లు మాత్రం కదల్లేదు.

"సరే. అమ్మాయి అడిగింది కదా" అన్నాడు నాన్న.

మోయడానికి మనుషులు లేకనా? అయినా ఎవర్నీ పట్టుకోనివ్వలేదు. కొత్త పంచె, కొత్త కండువా, ఆ బ్యాటరీని తనే ఎత్తి భుజాన పెట్టుకుని గట్టు మీదుగా ఐసు ఫ్యాక్టరీ వైపు నడిచాడు. వెనక్కి తిరిగి నా వైపు చూడలేదు. నాన్నా, అది కాదు అని అరవాలనిపించింది. ఏది కాదో చెప్పాలి కదా, అదెలా చెబుతాను. ఆడపిల్ల తండ్రితో చెప్పుకునే మాటా అది?

ఆ గంటన్నరా ఎలా గడిచిందో నేను రాయలేను, రాయను కూడా. బ్యాటరీ తెచ్చి బిగించినప్పుడు అది ఇంకా వేడిగా ఉందని అన్నారు. బాబాయిగారు తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. ఈసారి ఎవరూ ఏడవలేదు, అందరూ చప్పట్లు కొట్టారు. నాన్న ఒక్కడే కిటికీ దగ్గరికొచ్చి నా తల మీద చెయ్యి పెట్టి, "జాగ్రత్తమ్మా" అని పక్కకి తప్పుకున్నాడు. ఆయన వేళ్లకి బ్యాటరీ ఆసిడ్ వాసన.

దారిలో ఎక్కడా ఆపకూడదన్నారు బాబాయిగారు. అరకొర చార్జింగు, ఇంజను ఆపితే మళ్లీ లేవదు. గుడివాడ ఇంకా రాలేదు. రోడ్డు పక్కన గడ్డివాములు కనిపించగానే ఆయన, "బాబాయ్, ఒక్క నిమిషం ఆపు. ఇంజను ఆపకు, కాలు తియ్యకు. నేను దిగాలి" అన్నారు. కారు ఆగింది. ఆయన దిగి, నా వైపు తలుపు తీసి, నాకు మాత్రం వినపడేలా, "ముందు నువ్వు వెళ్లు. ఇందాక నాకు తట్టలేదు" అన్నారు. ఎప్పుడు తట్టిందో తెలియదు. ఒడి బరువుతో లేవలేకపోతుంటే తన కండువా రెండు చేతులా పట్టి జోలెలా చేశారు. "ఇందులో పొయ్యి. మా అమ్మకి చెప్పన్లే" అన్నారు. పెద్దమ్మ నిద్రపోతోంది. బాబాయిగారు యాక్సిలరేటరు తొక్కుకుంటూ ముందుకే చూస్తున్నారు. కింద పెట్టకూడని బియ్యం నా మొగుడి కండువాలో పోసి, గడ్డివాము వెనక్కి పరిగెత్తాను. ఆ రోజు మొత్తం మీద నాకు హాయిగా అనిపించిన ఘడియ అదొక్కటే.

పదహార్రోజుల పండక్కి వచ్చినప్పుడు దండెం మీద నాన్న పెళ్లి పంచె ఆరేసి ఉంది. అంచు పొడుగునా చిల్లులు. ఏమిటని అడిగితే అమ్మ చెప్పింది. ఆసిడ్ ఒలికిందట. ఇంకో సంగతి కూడా చెప్పింది. "సాయంత్రం దాకా నువ్వు గుమ్మం ముందుంటావని ఎంత సంబరపడ్డాడే మీ నాన్న. కారులో కూర్చున్నా కళ్లెదురుగా ఉంటుంది కదా, ఇంకో పూట చూసుకోవచ్చు అన్నాడు నాతో. తీరా నువ్వు అలా అన్నావని, ఫ్యాక్టరీలో మేనేజరు మీట మధ్యలో పెడతానంటే, కాదు మా అమ్మాయి తొందరపడుతోందని తనే చివరిదాకా తిప్పాడట. ఆ మేనేజరే చెప్పాడు."

నేను అమ్మ ఒళ్లో మొహం పెట్టుకుని అసలు సంగతి చెప్పాను. అమ్మ ముందు నవ్వింది, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది, ఆ తుడుచుకోవడం చాలాసేపు ఆగలేదు. "నాన్నతో చెప్పకే అమ్మా, నీకు దణ్ణం పెడతా" అన్నాను. "నేనెందుకు చెబుతానే, చెప్పుకునే మాటా అది" అంది.

ఆ తర్వాత పుట్టింటికి వచ్చినప్పుడల్లా నాకు నాన్న ముందు తల ఎత్తాలంటే సిగ్గే. తిరుగు ప్రయాణం రోజు బస్సు హారన్ వినపడినా కదిలేదాన్ని కాదు. కావాలనే బస్సు పోగొట్టుకునేదాన్ని. "రేపు వెళ్తాలే నాన్నా, నాకేం తొందర" అని గట్టిగా, ఆయనకి వినపడేలా అనేదాన్ని. నాన్న తల ఊపి ఐసు గంపల దగ్గరికి వెళ్లిపోయేవాడు. కూతురు తనని వదిలిపోవడానికి ఉరుకులాడిందని ఆయన మనసులో ఉండిపోయింది, దాన్ని తీసెయ్యడానికి నా దగ్గర చెప్పుకోదగ్గ మాట ఒక్కటీ లేదు. బెజవాడలో వాళ్లు పెద్ద చార్జరు అని పిలిచి నవ్వినప్పుడల్లా నాకు గట్టు మీద నాన్న వీపే కనిపించేది.

కొన్నాళ్లకి చెల్లెలి పెళ్లి కుదిరింది. పనులకి సాయంగా ముందే వెళ్లాను. రిక్షా దిగి గట్టు మీంచి చూద్దును కదా, మా ఇంటి ముందు, బాట మొదట్లో, పెళ్లిళ్లకి కారు ఆగే చోటుకి పక్కనే, కొత్తగా ఇటుకలతో ఒక చిన్న గది. సిమెంటు తడి ఇంకా ఆరలేదు. తలుపు వీధి వైపుంది. లోపల తొట్టి, చెంబు. కారు ఆగే చోటు నుంచి ఆ తలుపు దాకా నాపరాళ్లు పరిచారు. కారు దిగిన మనిషి మా అరుగు ఎక్కనక్కర్లేకుండా, గడప తొక్కనక్కర్లేకుండా, ఎవరి మధ్యా నడవకుండా ఆ గదిలోకి పోవచ్చు. పెరట్లో తాటాకు దడి ఉన్నచోట అలాగే ఉంది.

ఊరంతా దాని గురించే. ఇంటి ముందు, లక్ష్మీదేవి వచ్చే దారిలో మరుగుదొడ్డి కట్టినవాణ్ణి ఎక్కడైనా చూశామా అని నవ్వుకుంటున్నారు. నాయనమ్మ నాన్నతో మాట్లాడటమే మానేసింది. నేను సంచీ పట్టుకుని ఆ గది ముందే నిలబడిపోయాను. చెవులు వేడెక్కిపోయాయి. అమ్మ వాకిట్లోకి వచ్చి నన్ను చూసి, చప్పున మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

నాన్న తాపీమేస్త్రీ పక్కన నిలబడి నాపరాళ్ల మధ్య సందులు పూయిస్తున్నాడు. అదే చిల్లుల పంచె కట్టుకున్నాడు, మట్టి పనికని. మా మావయ్య ఒకాయన గట్టు దిగుతూ ఆగి, "ఏంటి బావా ఇది? పెరడంత స్థలం పెట్టుకుని వీధిలో కట్టావేంటి?" అన్నాడు.

నాన్న నా వైపు తిరగలేదు. మేస్త్రీకి ఇంకో తట్ట సిమెంటు అందించి, "కార్ల బ్యాటరీలని నమ్మలేం బావా" అన్నాడు.